జాకెట్టు ముక్కతో గుమ్మడికాయ వేషం

ప్రశ్న: మా పాపకు రెండున్నర ఏళ్లు. మేము పంపే ప్లేస్కూల్లో అక్టోబరు 31న హాలోవీన్ జరుపుతున్నామని, పిల్లలను ఏదో ఒక వేషంలో పంపాలని చీటీ ఇచ్చారు. అద్దె దుకాణంలో అడిగితే ఒక్క పూటకు 600 రూపాయలు అన్నారు, పైగా ఆ బట్ట జిగజిగలాడే నైలాను. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా అత్తగారు “బిడ్డకి దెయ్యం వేషవేటమ్మా, దిష్టి తగిలేస్తాది” అంటున్నారు. నాకు మిషను మీద కుట్టడం రాదు. ఆవిడ మనసు నొచ్చుకోకుండా, తక్కువ ఖర్చుతో ఇంట్లోనే చేయగలిగే వేషం చెప్పగలరా?
— ఒక తల్లి, విజయనగరం

జవాబు: గుమ్మడికాయ వేషం వేయండి. అది హాలోవీన్‌కు గుర్తు కనుక బడివారు కాదనరు, దిష్టికి విరుగుడు కనుక మీ అత్తగారూ కాదనరు. ఐర్లండులో పూర్వం టర్నిప్ దుంపలను తొలిచి, ముఖాలు చెక్కి, లోపల దీపం పెట్టేవారు. అక్కడి నుంచి అమెరికా వెళ్లి స్థిరపడినవారికి గుమ్మడికాయ తొలచడానికి మరింత వీలుగా కనిపించింది. చెడును గడప దాటి రానీయకుండా భయపెట్టడానికే ఆ ముఖమని చెప్పుకుంటారు. మనం బూడిద గుమ్మడికాయకు కోరమీసాలు దిద్ది గుమ్మానికి వేలాడదీసేది కూడా అందుకే కదా! ఈ మాట ఆవిడతో చెప్పి చూడండి, సూదిలో దారం ఆవిడే ఎక్కించి ఇవ్వవచ్చు.

బట్ట కొనకండి. దసరా పేరంటాల్లో తాంబూలంతో పాటు వచ్చిన జాకెట్టు ముక్కలు ప్రతి ఇంటి బీరువాలోనూ ఒక దొంతర ఉంటాయి, వాటిలో నారింజ రంగుదో, ముదురు పసుపుదో ఒక నూలు ముక్క దొరకకపోదు. ముందుగా దానిని ఉతికి, తడిగా ఉండగానే తెల్లటి గుడ్డతో రుద్ది చూడండి. రంగు అంటితే ఆ ముక్కను పక్కన పెట్టండి, ఎందుకంటే పాప చెమటకు అదే రంగు ఒంటికి దిగుతుంది. అక్టోబరు చివరన మన వైపు ఉక్కపోత ఇంకా తగ్గదు కనుక పట్టు, నైలాను, నెట్టు వంటివి వద్దు. పైగా దీపావళి కూడా ఆ రోజులలోనే వస్తుంది, 2024లోనైతే సరిగ్గా అక్టోబరు 31నే వచ్చింది. ప్రమిదల దగ్గర తిరిగే పిల్లకు నెట్టు గౌను తొడగడం నాకు ఏనాడూ నచ్చలేదు.

పాప చంక కింది నుంచి మోకాలి పై వరకు టేపుతో కొలవండి. ఈ వయసులో అది సుమారు 40 సెంటీమీటర్లు ఉంటుంది, పైనా కిందా మడతలకు మరో 5 కలుపుకుని కత్తిరించండి. ముక్క వెడల్పును చుట్టూ తిప్పి అంచులు కలిపి కుట్టేస్తే గొట్టంలా వస్తుంది, దానికి చేతి కుట్టు చాలు. ఆ గొట్టం మీద పైనుంచి కిందికి ఎనిమిది చోట్ల చిటికెనవేలి గోరంత సన్నని మడతలు పట్టి, ముదురు రంగు దారంతో కుట్టండి. అవే గుమ్మడికాయ మీద నిలువునా కనిపించే గాళ్లు. ఈ ఒక్క పనికి బద్ధకించకండి, గాళ్లు లేకపోతే చూసినవారికి అది గుమ్మడికాయలా కాక దిండు గలీబులా కనిపిస్తుంది. రెండు అంచులూ మడిచి లోపల ఇలాస్టిక్కు దూర్చండి. పై ఇలాస్టిక్కు పాప ఛాతీ చుట్టుకొలతకు రెండు వేళ్లు దూరేంత వదులుగాను, కిందిది అడుగు స్వేచ్ఛగా పడేటంత వదులుగాను ఉండాలి. కింద తెరిచే ఉంటుంది కనుక డైపరు మార్చడానికి వేషం విప్పనక్కరలేదు. ఇలాస్టిక్కు దూర్చిన పిన్నీసును తిరిగి డబ్బాలో వేశాకే మిగతా పని మొదలుపెట్టండి.

మిగిలిన ముక్కలోంచి మూడు వేళ్ల వెడల్పు పట్టీలు రెండు తీసి భుజాలకు కుట్టండి, లోపల రోజూ వేసే చేతుల బనీను ఉండనే ఉంటుంది. మెడకు కట్టే తాడు, నాడా ఏదీ ఉండకూడదు. ఉబ్బుగా రావడానికి లోపల దూది కుక్కమని కొందరు చెబుతారు, కాని ఆ వేడికి పిల్ల పది నిమిషాలకే ఏడుస్తుంది. చిక్కటి గంజి పెట్టి ఆరవేయండి, నూలు బట్ట దానంతట అదే బుట్టలా నిలుస్తుంది. మబ్బు పట్టిన రోజైతే కొంత మెత్తబడుతుందే తప్ప నష్టం లేదు.

కళ్లూ నోరూ నల్ల గుడ్డతో కత్తిరించి పొట్ట మీద కుట్టండి. బొత్తాలు, పూసలు, చమ్కీలు వాడకండి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మలను పరీక్షించే గొట్టం వ్యాసం 3.17 సెంటీమీటర్లు, అందులో పట్టే వస్తువేదైనా గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉన్నట్లే లెక్క. తలకు పాప పాత టోపీనే తీసుకుని, దాని నాడాలు కత్తిరించేసి, ఆకుపచ్చ గుడ్డను చుట్టచుట్టి తొడిమలా నడినెత్తిన కుట్టండి. ముఖానికి రంగులూ మాస్కులూ వద్దు. ఇలాస్టిక్కూ దారపుండా కలిపి ఫ్యాన్సీ షాపులో 50 రూపాయలకు మించి కాకపోవచ్చు.

రెండు రోజుల ముందే ఒకసారి తొడిగి, ఆ వేషంతోనే అన్నం తినిపించండి. టోపీ పీకి పారేస్తే మళ్లీ పెట్టకండి, తొడిమ లేకున్నా గుమ్మడికాయ గుమ్మడికాయే.

ప్రశ్న: మా మనవడికి మూడేళ్లు. విజయనగరం పైడితల్లి అమ్మవారి పండుగలో పులివేషాలు చూసినప్పటి నుంచి తనకూ అదే కావాలంటున్నాడు. ఒంటికి రంగు వేయించవచ్చా?
— ఒక తాత, శ్రీకాకుళం

జవాబు: వద్దండీ. విజయదశమి తరువాతి మంగళవారం ఆ అమ్మవారికి జరిపే సిరిమాను సంబరంలో ఆడే పులులు పెద్దవారు. గంటల తరబడి కదలకుండా నిలబడి రంగు వేయించుకోగలరు, తరువాత దానిని కడుక్కోవడానికి పడే అవస్థా తట్టుకోగలరు. మీ మనవడికి పసుపు రంగు బనీను, నిక్కరు తొడిగి, వాటి మీద నల్ల గుడ్డ పేలికలను చారలుగా కుట్టించండి. చారలు సమానంగా రాకపోతేనే పులిలా ఉంటుంది. తోకను పాత గుడ్డలతో నింపి, పొడవు మోకాలు దాటకుండా చూసి, నిక్కరుకు నాలుగంటే నాలుగు కుట్లతో తగిలించండి. తోటి పిల్లలు తప్పక లాగుతారు. లాగినప్పుడు తోక ఊడి చేతికి రావాలి తప్ప పిల్లవాడు పడిపోకూడదు. ఇంట్లో డబ్బా మీద డప్పు దరువు వేసే పని మాత్రం మీదే.