వేక్‌మన్ దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి తమ్ముడికి,

నీ వ్యాసం చదివాను. అమెరికా ఆదివాసులైన సూ జనాల్లో క్రైస్తవ యువజన సంఘాలు (వై.ఎం.సి.ఏ.) ఎలా పుట్టాయో తెలుగులో రాయాలని నీకు తోచినందుకే ముందు సంతోషించాను. వై.ఎం.సి.ఏ. అనగానే మనవాళ్ళకు నారాయణగూడ చౌరస్తా గుర్తొస్తుంది, డకోటా మైదానాలు కాదు కదా. అయితే నీ వ్యాసంలో పనులన్నీ మిషనరీలే చేస్తున్నారు. వచ్చారు, బోధించారు, సంఘం పెట్టారు. సూ జనం మాత్రం చేతులు కట్టుకుని వింటూ కూర్చున్నారు. జరిగింది అది కాదు. అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

థామస్ వేక్‌మన్‌ని ఒక్క వాక్యంలో దాటేశావు, '1879లో ఫ్లాండ్రూలో తొలి సంఘం స్థాపించిన డకోటా యువకుడు' అని. (డకోటాలంటే సూ జనంలో ఒక శాఖ; ఫ్లాండ్రూ ఇప్పటి సౌత్ డకోటాలోని ఊరు.) ఆయన ఎవరి కొడుకో చెప్పలేదేం? 1862 మిన్నెసోటా యుద్ధంలో డకోటాలను నడిపించిన లిటిల్ క్రో కొడుకు. ఒప్పందం ప్రకారం ప్రభుత్వం నుంచి రావలసిన డబ్బు రాక, గోదాముల్లో తిండి ఉన్నా అప్పు పుట్టక, జనం ఆకలితో మాడిపోతుంటే వచ్చిన యుద్ధం అది. డిసెంబరు 26న మంకేటోలో 38 మంది డకోటాలను ఒకేసారి ఉరితీశారు. మరుసటి ఏడు జూలై 3న హచిన్సన్ ఊరి దగ్గర తండ్రీకొడుకులు అడవి పళ్ళు కోసుకుంటుంటే ఒక తెల్ల రైతు తండ్రిని కాల్చేశాడు. కొడుకుకి అప్పుడు పదిహేనో పదహారో ఏళ్ళు. పేరు వోవినాపె. తండ్రి కాళ్ళకు కొత్త తోలు చెప్పులు తొడిగి, ఒంటికి దుప్పటి చుట్టి, ఒక్కడే పారిపోయాడు. ఆకలితో అలమటిస్తూ సైన్యానికి చిక్కాడు. మిలిటరీ కోర్టు మరణశిక్ష వేసింది కానీ అమలు చేయలేదు. జైలు శిబిరంలో క్రైస్తవం తీసుకుని థామస్ వేక్‌మన్ అయ్యాడు. ఫ్లాండ్రూలో సంఘం పెట్టింది ఆ కుర్రాడే.

ఈ రెండు సంగతుల మధ్య ఏం జరిగిందో నువ్వు తేల్చేయకు. లొంగిపోయాడని రాయకు, వెలుగు చూశాడనీ రాయకు. ఆ చెప్పుల సంగతి రాయి, సంఘం సంగతి రాయి, పాఠకుడికి వదిలెయ్. ఇంకోటి: లిటిల్ క్రో ఎముకలు దశాబ్దాలపాటు మిన్నెసోటాలో చరిత్ర సంస్థ వారి దగ్గరే ఉండిపోయాయి. 1971లో గానీ కుటుంబం చేతికి రాలేదు. వాళ్ళు వాటిని పాతిపెట్టిందీ ఫ్లాండ్రూలోనే.

'ఇంతమంది ఎందుకు చేరారు' అన్న ప్రశ్నకు నీ జవాబు చాలా పల్చగా ఉంది. 1883 నుంచి సూర్యనృత్యం లాంటి ఆచారాలను ప్రభుత్వం నిషేధించింది. నలుగురూ ఒకచోట చేరితేనే అధికారులకు టెన్షన్. చర్చి సంఘమంటే మాత్రం అభ్యంతరం చెప్పరు. అక్కడ పెద్దలు డకోటా భాషలో మాట్లాడుకోవచ్చు, ఎవరింట్లో కష్టం ఉందో తెలుసుకోవచ్చు. 1871 నుంచి 'ఇయాపి ఓయే' అనే పత్రికే డకోటా భాషలో నడిచింది. భక్తి నిజమే, అవసరమూ నిజమే.

డకోటా డాక్టరు చార్లెస్ ఈస్ట్‌మన్ గురించి బాగా రాశావు, కానీ డిగ్రీల దగ్గరే ఆగిపోయావు. 1890 డిసెంబరులో వూండెడ్ నీ దగ్గర అమెరికా సైన్యం లకోటాలనే సూ శాఖవాళ్ళపై జరిపిన కాల్పుల తర్వాత, పైన్ రిడ్జ్‌లో డాక్టరుగా ఉన్నది ఆయనే. చర్చిలో బల్లలు పీకేసి, నేల మీద ఎండుగడ్డి పరిచి క్షతగాత్రులను పడుకోబెట్టారు. క్రిస్మస్ అలంకరణలు ఇంకా తీయనేలేదు. అది చూసిన మనిషి 1894లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా రిజర్వేషన్లు, అంటే ఆదివాసులకు ప్రభుత్వం కేటాయించిన ప్రాంతాలు, తిరిగి సంఘాలు పెట్టాడు. ఎలా తిరగగలిగాడు? 1916లో అచ్చయిన ఆత్మకథలో ఆయనే ఒక సంగతి చెప్పాడు. బైబిల్ చర్చ విన్న ఒక వృద్ధుడు, ఆస్తి కూడబెట్టడం ఇష్టపడని ఈ యేసు మనలాంటి ఇండియనే (అంటే అమెరికా ఆదివాసే) అయ్యుంటాడని అన్నాడట. నీ వ్యాసానికి ఆయువుపట్టు అదే, దాన్ని వదలకు.

అందరినీ 'సూ' అని ఒకే గాటన కట్టేయకు. వేక్‌మన్, ఈస్ట్‌మన్ డకోటాలు. పైన్ రిడ్జ్ వాళ్ళు లకోటాలు. ఆడపిల్లలైతే నీ వ్యాసంలో ఒక్కచోట కూడా కనిపించలేదు. యాంక్‌టన్ పాస్టరు ఫిలిప్ డెలోరియా కూతురు ఎల్లా, మొదటి ప్రపంచయుద్ధం తర్వాత వై.డబ్ల్యు.సి.ఎ. (క్రైస్తవ యువతుల సంఘం) తరఫున ఇండియన్ బాలికలకు ఆరోగ్య విద్య నేర్పింది. తర్వాత తన జాతి భాషను, కథలను జీవితాంతం సేకరించింది. ఆమెకు ఒక పేరా కాదు, రెండు పేజీలివ్వు.

మన దగ్గరి పోలిక కావాలంటే బలవంతంగా తేనక్కర్లేదు, నిజమైనదే ఒకటుంది. ఈస్ట్‌మన్ ఆ ఉద్యోగంలో చేరిన మరుసటి ఏడే, 1895లో, దక్షిణ భారతంలో వేదనాయగం శామ్యూల్ అజరయ్య వై.ఎం.సి.ఏ. కార్యదర్శి అయ్యాడు. ఆ తమిళుడే 1912లో మన డోర్నకల్ బిషప్. ఇద్దరూ తెల్లవాళ్ళ సంస్థలో ఉంటూనే, మా పని మా చేతుల్లో ఉండాలన్నవాళ్ళు. రెండు వాక్యాల్లో చెప్పి మళ్ళీ డకోటాకి వెళ్ళిపో.

చివర్లో 'ఆ స్ఫూర్తి నేటికీ కొనసాగుతోంది' అన్న ముక్క కొట్టెయ్. షయాన్ రివర్ రిజర్వేషన్‌లో డూప్రీ అనే చిన్న ఊళ్ళో సూ వై.ఎం.సి.ఏ. ఉంది, పిల్లలకు క్యాంపులు నడుపుతారు. వాళ్ళకు ఒక మెయిల్ పెట్టి, ఈ ఏడు ఏం చేస్తున్నారో అడుగు. జవాబొచ్చాక ఆఖరి పేజీ తిరగరాసి నాకు పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య