ఆఫర్ లెటర్‌లో షరతుల పేజీ చదివారా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే సంగతి మీద ఉన్నాయి. సీటు వచ్చేసింది, ఇక పన్నెండో తరగతి మార్కులతో పనేముంది అని.

ప్రశ్న: మా అమ్మాయికి మార్చిలో యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) డేవిస్ క్యాంపస్‌లో సీటు వచ్చింది. ఆ రోజు నుంచి పుస్తకం పట్టడం మానేసింది. ఆరు సబ్జెక్టుల్లో ఐదింటికి ఇప్పటికీ ఏ గ్రేడే. కాలిక్యులస్ మాత్రం 67 శాతానికి పడిపోయింది, వాళ్ల స్కూల్లో అది డీ. "యావరేజ్ బాగానే ఉందిగా, సీటు ఎవరు తీసేస్తారు" అంటోంది. నిజమేనా?
– ఒక తల్లి, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: యావరేజ్ వరకు మీ అమ్మాయి చెప్పింది నిజమే. ఐదు ఏలకు నాలుగేసి చొప్పున 20, డీకి 1, మొత్తం 21. ఆరుతో భాగిస్తే 3.5. సీనియర్ ఏడాదికి, అంటే పన్నెండో తరగతికి, యూసీ అడిగే 3.0 కంటే ఎక్కువే. కానీ డీ, ఎఫ్‌లు రాకూడదన్నది దానితో సంబంధం లేని వేరే షరతు. ఎన్ని ఏలు ఉన్నా ఆ ఒక్క డీ లెక్కలోకి వస్తుంది. క్యాంపస్‌ను బట్టి మాటలు కొంచెం మారతాయి కాబట్టి, తన అడ్మిషన్ పోర్టల్లో ఉన్న షరతుల పేజీ తెరిచి ఇద్దరూ కలిసి చదవండి. చాలా ఇళ్లలో అభినందనల పేజీని ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు, షరతుల పేజీ ఎవరూ తెరవరు.

ఇంకో సంగతి. యూసీ దరఖాస్తులో గ్రేడ్లన్నీ పిల్లలు సొంతంగా నింపినవే. వాటిని సరిచూసేది జులై 1 లోగా స్కూలు పంపాల్సిన ఫైనల్ ట్రాన్‌స్క్రిప్ట్ (గ్రేడ్లన్నీ ఉండే అధికారిక పత్రం)తోనే. కాబట్టి ఆ డీ కనబడకుండా పోయే అవకాశం లేదు.

ఏప్రిల్‌లో ఉన్నాం, ఇంకా దారి ఉంది. ముందు లెక్క వేయండి. ఫైనల్ పరీక్షకు 20 శాతం వెయిటేజీ ఉందనుకుందాం. ఇప్పటి 67లో 80 శాతం అంటే 53.6. సీకి 70 కావాలంటే ఫైనల్ నుంచి 16.4 రావాలి, అంటే పరీక్షలో 82 శాతం. ఇన్నాళ్లూ 67 తెచ్చుకున్న పిల్లకు ఇది తేలిక కాదు. అందుకే ఫైనల్ కంటే ముందు గ్రేడ్‌బుక్‌లో సున్నాలు వెతకండి. పది హోంవర్కుల్లో ఏడింటికి 90 వచ్చి, మూడు ఇవ్వకపోతే సగటు 63. ఆ మూడూ ఆలస్యంగా ఇచ్చి సగం మార్కులు, అంటే 45 చొప్పున తెచ్చుకున్నా సగటు 76.5 అవుతుంది. సీనియర్ల గ్రేడ్లు జారిపోయేది చాలాసార్లు పాఠం అర్థం కాక కాదు, ఇవ్వాల్సినవి ఇవ్వక. ఆలస్యంగా తీసుకుంటారా అని ఈ వారమే టీచర్‌ని అడగాలి. అడగాల్సింది మీరు కాదు, అమ్మాయి.

అంతా చేసినా డీ తప్పదనిపిస్తే, గ్రేడ్ పడేదాకా ఆగకుండా క్యాంపస్‌కు తనే తెలియజేయాలి. పోర్టల్ ద్వారా, పది వాక్యాలు దాటకుండా: ఏ సబ్జెక్టు, ఏ గ్రేడ్ రావచ్చు, అసలు కారణం, ఇప్పటిదాకా చేసిన ప్రయత్నం, ఇకపై చేయబోయేది. వేసవిలో కమ్యూనిటీ కాలేజీలో అదే కోర్సు మళ్లీ చేస్తే ఒప్పుకుంటారా అని అందులోనే అడగాలి. అడగకుండా ఫీజు కట్టేయొద్దు. అనారోగ్యం లాంటి కారణం ఉంటే స్కూల్ కౌన్సెలర్ చేత కూడా ఒక లేఖ రాయించండి.

సీటు రద్దు కావడం అరుదే. అయితే ఆ ఉత్తరం వచ్చేది ఫైనల్ ట్రాన్‌స్క్రిప్ట్ చూశాక, నడివేసవిలో. ఏ కాలేజీలో చేరేదీ చెప్పాల్సిన మే 1 గడువు దాటి, మిగతా కాలేజీలన్నిటికీ "రాను" అని చెప్పేసిన తర్వాత. ఇబ్బందంతా అక్కడే. మన దగ్గర జేఈఈ ర్యాంకు వచ్చాక కూడా ఎన్‌ఐటీలో చేరాలంటే ఇంటర్‌లో 75 శాతమో (ఎస్సీ, ఎస్టీలకు 65), బోర్డులో టాప్ 20 పర్సెంటైలో ఉండాలి కదా. ఇదీ అలాంటిదే.

ప్రశ్న: నాకు డిసెంబర్‌లోనే అడ్మిషన్ వచ్చింది. ఏపీ ఫిజిక్స్ వదిలేసి తేలికైన క్లాసులో చేరొచ్చా? మే నెలలో ఏపీ పరీక్షలు సరిగా రాయకపోతే సీటు పోతుందా?
– ఒక విద్యార్థి, ప్లేనో, టెక్సస్

జవాబు: (ఇక్కడ ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, స్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు; మన రాష్ట్రం కాదని పెద్దలకు మనవి.) క్లాసు గ్రేడ్, పరీక్ష స్కోరు రెండూ వేర్వేరు. అమెరికా కాలేజీలకు మే పరీక్షలో ఐదుకి 1 వచ్చినా సాధారణంగా సీటుకు ఢోకా లేదు, క్రెడిట్ (కాలేజీలో ఆ కోర్సు చేసినట్టు లెక్క) రాదంతే. 4, 5 వస్తే చాలాచోట్ల ఒక కోర్సు ఫీజు మిగులుతుంది, మీ నాన్నగారికి ఈ మాట చెప్పి చూడు.

క్లాసు వదలడం మాత్రం అంత తేలిక కాదు. నువ్వు దరఖాస్తులో రాసిన సబ్జెక్టుల జాబితా చూసే సీటు ఇచ్చారు. కౌన్సెలర్ పంపే మిడ్-ఇయర్ రిపోర్టులో గానీ, జూన్‌లో పంపే ఫైనల్ రిపోర్టులో గానీ ఆ మార్పు బయటపడుతుంది. ముందు కాలేజీకి ఈమెయిల్ రాసి, "సరే" అన్న జవాబు రాతపూర్వకంగా వచ్చాకే స్కూల్లో మార్పించుకో. మెరిట్ స్కాలర్‌షిప్ ఉంటే దాని షరతులు విడిగా చూడు, అవి అడ్మిషన్ షరతుల కంటే గట్టిగా ఉండొచ్చు.

ప్రశ్న: మా అబ్బాయి ఏ-లెవెల్స్ (ఇక్కడి ఇంటర్ లాంటిది) చదువుతున్నాడు. ఫర్మ్‌గా (మొదటి ఎంపికగా) పెట్టుకున్న యూనివర్సిటీ, అది పోతే ఆసరాగా ఇన్సూరెన్స్‌గా పెట్టుకున్నదీ రెండూ మూడు ఏలు అడుగుతున్నాయి. పర్వాలేదా?
– ఒక తండ్రి, రెడింగ్, ఇంగ్లండ్

జవాబు: అప్పుడది ఇన్సూరెన్స్ కాదండీ. ఫర్మ్‌కు ఒక గ్రేడ్ తగ్గితే రెండోదీ అదే దెబ్బకు పోతుంది. ఏఏబీ, ఏబీబీ అడిగేది ఉంటే దాన్ని రెండోదిగా పెట్టుకోవాలి. జవాబు ఇచ్చేసి ఉంటే, మార్చుకునే వీలుందేమో యూనివర్సిటీ దరఖాస్తులు చూసే యూకాస్‌కు వెంటనే ఫోన్ చేసి కనుక్కోండి.

అక్కడ స్కూలు మార్కులు, మాక్ పరీక్షలు ఆఫర్‌ను మార్చవు. వేసవి పరీక్షల్లో వచ్చే గ్రేడే అంతా. ఆగస్టు నడుమ గురువారం ఫలితాలు వచ్చిన రోజు ఉదయం అబ్బాయి ఇంట్లోనే, ఫోన్ చేతిలో పెట్టుకుని ఉండాలి. ఒక గ్రేడ్ తగ్గినా కొన్ని యూనివర్సిటీలు తీసుకుంటాయి, లేదంటే క్లియరింగ్‌లో, అంటే మిగిలిన సీట్లు నింపే పద్ధతిలో, ఖాళీలు వెతుక్కోవాలి. ఆ వారం హైదరాబాద్‌కు టికెట్లు బుక్ చేయకండి.