లాత్వియాలో పుట్టి పెరిగినా కొందరికి ఆ దేశ పౌరసత్వం లేదట, నిజమా? ఎందుకలా?

నిజమే. లాత్వియా రాజధాని రీగాలో ఎం.ఎస్. చేసేటప్పుడు మా ఓనర్ ఆంటీ అలాంటి మనిషే. చిన్నప్పుడే అమ్మానాన్నలతో రష్యా నుంచి వచ్చారు, నాన్నగారికి వీఈఎఫ్ రేడియో ఫ్యాక్టరీలో పని. ఆవిడకి లాత్వియా ప్రభుత్వం ఇచ్చిన పాస్‌పోర్టే ఉంది, కానీ పౌరులు కానివాళ్ళకి ఇచ్చే రకం. అక్కడ ఉండొచ్చు, పెన్షన్ వస్తుంది. ఓటు మాత్రం లేదు, చివరికి మునిసిపల్ ఎన్నికల్లో కూడా. రీగాలోనే పుట్టిన కొడుకుదీ చాలాకాలం ఇదే కథ.

దీనికి కారణం తెలియాలంటే లాత్వియా వాదన ఏమిటో చూడాలి. 1991లో మేం కొత్త దేశం పెట్టుకోలేదు, 1918లో ఏర్పడ్డ దేశమే మళ్ళీ మా చేతికొచ్చింది అంటారు వాళ్ళు. కబ్జా అయిన స్థలం తిరిగి దక్కితే పాత దస్తావేజే చెల్లుతుంది కదా, అలాగన్నమాట. ఆ దస్తావేజు గట్టిదే. 1920 ఒప్పందంలో సోవియట్ రష్యా ఈ నేల మీద హక్కులన్నీ శాశ్వతంగా వదులుకుంటున్నామని సంతకం పెట్టింది. 1939 ఆగస్టు 23న హిట్లర్, స్టాలిన్ ప్రభుత్వాలు తూర్పు యూరప్‌ని రహస్యంగా పంచేసుకున్నాయి. 1940 జూన్ 17న సోవియట్ సైన్యం దిగింది. జులైలో ఎన్నికలు పెట్టారు, పోటీలో ఒకే ఒక్క జాబితా! ఆగస్టు 5న సోవియట్ యూనియన్‌లో కలిపేశారు. అమెరికా దీన్ని ఎప్పుడూ ఒప్పుకోలేదు. వాషింగ్టన్‌లో లాత్వియా దౌత్య కార్యాలయం ఆ యాభై ఏళ్ళూ తెరిచే ఉంది. నాకైతే ఈ చరిత్రలో అన్నిటికంటే వింతగా అనిపించేది అదే.

నేను వెళ్ళిన మొదటి ఏడాది మార్చి 25న వీధి పొడవునా ప్రతి భవనానికీ నల్ల రిబ్బన్ కట్టిన జెండాలు కనిపించాయి. ఎవరో పెద్ద నాయకుడు పోయాడేమో అనుకున్నా. క్లాస్‌మేట్‌ని అడిగితే తన నాయనమ్మ గురించి చెప్పింది. 1949లో అదే రోజు మొదలుపెట్టి నాలుగైదు రోజుల్లో 42,000 మందికి పైగా జనాన్ని రైళ్ళెక్కించి సైబీరియాకి పంపేశారు. ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. రైతుల్ని భయపెట్టి సామూహిక వ్యవసాయంలోకి తేవడం అందులో ఒక ఉద్దేశం. అది నెరవేరింది కూడా, కొన్ని వారాల్లోనే ఊళ్ళకి ఊళ్ళు చేరిపోయాయి. 1941 జూన్ 14న కూడా ఇలాగే 15,000 మందికి పైగా తీసుకెళ్ళారు. ఆ రెండు రోజులూ నల్ల రిబ్బన్‌తో జెండా కట్టాలని చట్టమే ఉంది. (మధ్యలో వచ్చిన జర్మన్లు దాదాపు 70,000 మంది యూదుల్ని చంపారు, అందులో స్థానికుల చేయి కూడా ఉంది. ఆ సంగతి వదిలేస్తే చరిత్ర సగమే చెప్పినట్టు.)

ఆ తర్వాత దశాబ్దాల్లో ఫ్యాక్టరీల కోసం, సైన్యం కోసం రష్యా, బెలారుస్, ఉక్రెయిన్‌ల నుంచి జనం వచ్చి చేరారు. 1935లో జనాభాలో నాలుగింట మూడొంతులున్న లాత్వియన్లు 1989 నాటికి 52 శాతానికి దిగారు. ఇంకొన్నాళ్ళయితే సొంత ఊళ్ళోనే మైనారిటీ అయిపోతామనే టెన్షన్ అక్కడ ఇప్పటికీ పోలేదు.

1990 మే 4న వాళ్ళ సుప్రీం కౌన్సిల్ (అప్పటి చట్టసభ) 138 ఓట్లతో స్వాతంత్ర్య పునరుద్ధరణ ప్రకటించింది. 1991 జనవరిలో సోవియట్ బలగాల్ని ఆపడానికి జనం పల్లెల నుంచి ట్రాక్టర్లు, దుంగల లారీలు తెచ్చి రీగా వీధులకు అడ్డంపెట్టి కాపలా కాశారు. మార్చి 3న జరిగిన ఓటింగ్‌లో దాదాపు 74 శాతం స్వాతంత్ర్యానికి అవునన్నారు. అంటే రష్యన్ మాట్లాడేవాళ్ళు కూడా చాలామంది అవుననే అన్నారు. మా ఆంటీ కూడా అలాగే ఓటేశారట. ఆగస్టులో మాస్కోలో గోర్బచేవ్‌ని దించడానికి జరిగిన కుట్ర విఫలమయ్యాక సెప్టెంబర్ 6న సోవియట్ ప్రభుత్వమే గుర్తించింది.

అక్టోబర్‌లో వచ్చిన తీర్మానం ప్రకారం 1940 నాటి పౌరులకీ, వాళ్ళ సంతానానికీ మాత్రమే పౌరసత్వం దక్కింది. మిగిలినవాళ్ళు దాదాపు 7 లక్షలు. 1993 ఎన్నికల్లో ఆంటీకి ఓటు లేదు. "స్వాతంత్ర్యం కావాలని అడిగినప్పుడు మాత్రం నా ఓటు పనికొచ్చిందా?" అనేవారు. లాత్వియన్ భాష, రాజ్యాంగం, చరిత్ర, జాతీయగీతం మీద పరీక్ష రాస్తే పౌరసత్వం ఇస్తారు. కొడుకు రాసి పాసయ్యాడు. ఆవిడ మాత్రం పట్టుదలగా రాయనే లేదు.

నా అభిప్రాయం అడిగితే, చట్టపరంగా లాత్వియా వాదనలో తప్పులేదు. కానీ అమ్మ చెయ్యి పట్టుకుని వచ్చిన పిల్లనీ, జనాన్ని రైళ్ళెక్కించిన అధికారినీ ఆ చట్టం ఒకే గాటన కట్టేసింది. 2020 నుంచి ఇలాంటివాళ్ళకి పుట్టే పిల్లలకి పౌరసత్వం దానంతటదే వస్తోంది. ముప్పై ఏళ్ళ ముందే చేయాల్సిన పని.

ఇంకో సంగతి, చదువుకి వెళ్ళిన మనవాళ్ళు తరచూ అడుగుతుంటారు: ఆ 2020 చట్టం ఈ వర్గం పిల్లలకే. మన భారతీయ దంపతులకి రీగాలో బిడ్డ పుడితే, అక్కడ పుట్టినంత మాత్రాన లాత్వియా పౌరసత్వం రాదు.