ముక్తినాథ్ వెళ్ళే ముందు ఇది చదువు

అల్లుడూ,

అక్కనీ బావనీ నేపాల్‌లోని ముక్తినాథ్ గుడికి తీసుకెళ్తున్నావని తెలిసి చాలా సంతోషించాను. కానీ టికెట్లు చౌకగా ఉన్నాయని జూలైలో మాత్రం పెట్టుకోకు.

జూలైలో కూడా అక్కడ వానలు పెద్దగా ఉండవని నువ్వు చదివింది నిజమే. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి 8,091 మీటర్ల అన్నపూర్ణ శిఖరానికి దక్షిణాన ఉన్న వాలుల మీద పైకెక్కి, చల్లబడి, ఉన్నదంతా అటువైపే కుమ్మరిస్తుంది, అందుకే పోఖరా దగ్గర లుమ్లేలో ఏడాదికి 5,000 మిల్లీమీటర్ల పైనే కురుస్తుంది. కొండల వెనక, ముక్తినాథ్‌కి కింద ఉన్న జోమ్‌సోమ్‌లో మన అనంతపురం అంత వాన కూడా పడదు. ఆ ఊళ్ళ ఇళ్ళు చూస్తే నీకే అర్థమవుతుంది, మట్టితో మెత్తిన చదును మిద్దెలు, వాటి అంచుల చుట్టూ పేర్చిన కట్టెలు. కానీ ఆ పొడి నేలకి చేరాలంటే బేని, తాతోపాని మీదుగా కాళీగండకి లోయలో వానలోంచే పోవాలి కదా! కొండచరియలు విరిగిపడితే పెద్దవాళ్ళతో దారిలో ఇరుక్కుపోతావు.

అక్టోబర్ రెండో సగం నుంచి నవంబర్ మధ్యలోపు వెళ్ళండి. అప్పుడు కూడా బయల్దేరే ముందు మన సముద్రం వైపు ఒక కన్నేసి ఉంచు. 2014 అక్టోబర్ 12న మన వైజాగ్‌ని ఊడ్చేసిన హుద్‌హుద్, రెండు రోజులకి ముక్తినాథ్ పైనున్న థోరాంగ్ లా కనుమలో విపరీతమైన మంచు కురిపించింది, ఆ ప్రాంతంలో 40 మందికి పైగా చనిపోయారు. బంగాళాఖాతంలో తుపాను ఉందంటే పోఖరాలోనే ఆగిపోండి, దర్శనం ఎక్కడికీ పోదు.

జోమ్‌సోమ్‌కి ఫ్లైట్ అయితే పొద్దున్నే ఉండేది తీసుకో. ఎండెక్కేసరికి పైన నేల వేడెక్కి, లోయలోంచి గాలి ఈడ్చికొడుతూ పైకి వీస్తుంది, మధ్యాహ్నం అక్కడ విమానాలు తిరగవు. గుడి 3,700 మీటర్ల పైన ఉంది, వెయ్యి మీటర్లకి దాదాపు ఆరు డిగ్రీలు తగ్గుతుందని లెక్కేసుకో. కింద మార్ఫాలోనో జోమ్‌సోమ్‌లోనో ఒక రాత్రి పడుకుని ఎక్కండి. 108 ధారల కింద తడవాలని అక్క పట్టుబడుతుంది, నాకు తెలుసు. చల్లుకోమను చాలు, బావకి ఆయాసం ఉంది కాబట్టి ఆయన అసలు వద్దు.

కాఠ్మాండూ నుంచి తిరుగు టికెట్‌కి ముందు రెండు రోజులు ఖాళీగా ఉంచుకో.

మీ మావయ్య