కన్సోల్ సర్వర్ పెట్టబోతున్న అమ్మడుకి

చిరంజీవి అమ్మడుకి,

పెదనాన్న ఆశీస్సులు. విశాఖ బ్రాంచిలో కన్సోల్ సర్వర్ పెట్టే పని నీకప్పగించారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. నెట్‌వర్క్ పోయినా రౌటర్లు, స్విచ్‌ల కన్సోల్ పోర్టుల ద్వారా దూరం నుంచే వాటిని అందుకోనిచ్చే పెట్టె కదా అది. ర్యాక్‌లో ఇంకో పెట్టె బిగించడమే కదా అని మీ ఆఫీసులో ఎవరైనా అంటే నమ్మకు. బిగించడం ఒక పూట పని. మిగతావన్నీ పడిపోయిన రోజున ఈ పెట్టె ఒక్కటీ నిలబడేలా చూడటం అసలు పని. అందుకని ప్రతి వైరు దగ్గరా, ప్రతి పాస్‌వర్డ్ దగ్గరా నిన్ను నువ్వు ఒకటే అడుగు: మా నెట్‌వర్క్ చచ్చి పడుంటే ఇది పనిచేస్తుందా?

పెద్ద పెద్దవాళ్లే ఈ ప్రశ్న దగ్గర దెబ్బతిన్నారు. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ సుమారు ఆరు గంటలు ప్రపంచానికి కనబడకుండా పోయింది. మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ల బ్యాక్‌బోన్ (డేటా సెంటర్లను కలిపే ప్రధాన లింకులు) మొత్తాన్ని తెగ్గొట్టింది. మామూలు దారితో పాటు అవుట్ ఆఫ్ బ్యాండ్ దారి, అంటే ఇలాంటి రోజు కోసం విడిగా ఉంచుకున్న దారి కూడా పోయిందని, మనుషుల్ని డేటా సెంటర్లకు పంపాల్సి వచ్చిందని తర్వాత ఆ కంపెనీయే రాసింది. మరుసటి ఏడాది జూలై 8న కెనడాలో రోజర్స్ అనే టెలికాం కంపెనీ నెట్‌వర్క్ పడిపోయినప్పుడూ ఇదే కథ. పరికరాల్ని సరిచేయడానికి వాడే వాళ్ల మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్ కూడా ఆ పడిపోయిన ప్రధాన నెట్‌వర్క్ (కోర్) మీదే నడిచేది. ఈ రెండు సంస్థలకూ పరికరాలు కొనే డబ్బు లేక కాదు కదా.

ముందు బయటి దారి సంగతి చూడు. కన్సోల్ సర్వర్‌ని తీసుకెళ్లి బ్రాంచి స్విచ్‌కే తగిలించి వచ్చేస్తే ఆ స్విచ్ పోయినరోజు అదీ పోతుంది. ఫోర్‌జీ మోడెమ్ ఉన్న మోడలే తీసుకో. సిమ్ మాత్రం మీ ఫైబర్ లింకు ఏ కంపెనీదో ఆ కంపెనీది వద్దు. మామూలు సిమ్‌కి పబ్లిక్ ఐపీ రాదు, చాలామంది ఒకే అడ్రసు పంచుకునే సీజీనాట్ వెనక కూర్చుంటుంది. కాబట్టి బయటి నుంచి నువ్వు దాన్ని పిలవలేవు, అదే బయటికి వచ్చి ఒక టన్నెల్ (ఎన్‌క్రిప్ట్ అయిన దారి) తెరిచి పట్టుకుని ఉండాలి. దానికి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ అయితే, దారి మూసుకుపోకుండా పంపే కీప్‌అలైవ్ 25 సెకన్లు పెట్టు. ఆ టన్నెల్ వచ్చి ఆగే చోటు హెడ్డాఫీసు ఫైర్‌వాల్ కాకూడదు. ఆ ఫైర్‌వాల్‌నే బాగుచేయాల్సిన రోజు కూడా వస్తుంది. బయట ఎక్కడో ఒక చిన్న క్లౌడ్ మెషిన్ తీసుకుని అక్కడ ఆపు. ప్రైవేట్ ఏపీఎన్ (కంపెనీకే విడిగా ఇచ్చే మొబైల్ డేటా దారి), స్టాటిక్ అంటే మారని ఐపీతో కంపెనీలకి సిమ్‌లు ఇస్తారు, బడ్జెట్ ఉంటే అదింకా సుఖం.

సర్వర్ రూములో సిగ్నల్ ఉంటుందని అనుకోకు. ఇనప ర్యాకు, కాంక్రీటు గోడలు, పైగా తలుపు వేసుంటుంది. యాంటెన్నాకి పొడుగు కేబుల్ తీసుకెళ్లి కిటికీ వైపు పెట్టి, సిగ్నల్ ఎంతుందో తలుపు మూసే కొలువు. ఇంకోటి, నవ్వకు: సిమ్ ప్రీపెయిడ్ తీసుకోవద్దు. అందరూ మర్చిపోయిన సిమ్‌కి రీచార్జ్ ఎవరు చేస్తారు? కంపెనీ పేరు మీద పోస్ట్‌పెయిడ్ తీసుకుని, బిల్లు అకౌంట్స్ వాళ్ల లిస్టులో పడేలా చూడు.

విశాఖ కాబట్టి ఒక మాట. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు కరెంటు, ఫైబరు, సెల్ టవర్లు అన్నీ కలిసే పడిపోయాయి. అలాంటి రోజున ఫోర్‌జీ సిమ్ ఏమీ చేయలేదు. ఈ సంగతి మీ మేనేజర్‌కి ముందే చెప్పి ఉంచు, లేకపోతే ఈ పెట్టె ఉంటే చాలు అన్ని కష్టాలూ తీరతాయనుకుంటాడు.

కరెంటు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. యూపీఎస్ మీద పెట్టు, రెండు సప్లైలు ఉంటే రెండు వేర్వేరు ఫీడ్‌లకి ఇవ్వు. దూరం నుంచి ఆఫ్, ఆన్ చేసే పీడీయూ (ర్యాక్‌లో కరెంటు పంచే ప్లగ్గుల పట్టీ) ఉంటే మాత్రం కన్సోల్ సర్వర్‌ని దాంట్లో గుచ్చకు. కూర్చున్న కొమ్మనే నరుక్కున్నట్టవుతుంది.

ఇక కేబుళ్లు. మొదటిరోజు టెన్షన్ అంతా ఇక్కడే. ఆర్‌జే-45 సాకెట్ కనబడగానే ఈథర్‌నెట్ అనుకోకు, లోపల నడిచేది ఆర్‌ఎస్-232 సీరియల్, ఒక్కో బిట్‌నీ వరసగా పంపే పాత పద్ధతి. రోల్‌ఓవర్ కేబుల్లో ఒక చివర 1వ పిన్ను రెండో చివర 8కి, 2వది 7కి, అలా మొత్తం తిరగబడి ఉంటుంది. సిస్కో కంపెనీ పరికరాల కన్సోల్‌లో 3వ పిన్ను పంపేది, 6వది అందుకునేది, మధ్యలో 4, 5 గ్రౌండ్. కన్సోల్ సర్వర్ల పోర్టులు మాత్రం అన్నీ ఒక్కలా ఉండవు. కొన్నిటికి మామూలు ప్యాచ్ కార్డు సరిపోతుంది, కొన్నిటికి రోల్‌ఓవరే కావాలి, కొన్నిట్లో సెట్టింగ్‌లోనే పిన్నులు మార్చుకోవచ్చు. మాన్యువల్లో ఆ పిన్నుల పట్టిక హైదరాబాద్‌లో ఉండగానే చూడు. ఇంట్లోనో ల్యాబ్‌లోనో ఒక పాత స్విచ్ పెట్టుకుని, తెర మీద ప్రాంప్ట్ (కమాండ్ కొట్టమనే గుర్తు) వచ్చిన కేబులే బ్యాగులో పెట్టుకో.

అక్కడికెళ్లాక ఏదీ రాకపోతే కంగారుపడకు, తెరే నీకు చెబుతుంది. పూర్తిగా ఖాళీగా ఉందా, రెండు వైపులా పంపే పిన్నులే ఎదురుబొదురుగా పడ్డాయని ముందు కేబుల్‌ని అనుమానించు. పిచ్చి పిచ్చి అక్షరాలు వస్తున్నాయా, స్పీడు తేడా. సిస్కో, జునిపర్, అరిస్టా కంపెనీల పరికరాలు ఎక్కువగా సెకనుకి 9600 బిట్లు, అక్షరానికి 8 బిట్లు, పారిటీ (తప్పులు పట్టే బిట్) లేదు, ఒక స్టాప్ బిట్. లైనక్స్ సర్వర్లు చాలావరకు 115200. ప్రాంప్ట్ కనబడుతోంది గానీ నువ్వు కొట్టింది ఎక్కడం లేదంటే ఫ్లో కంట్రోల్ (ఆగు, పంపు అని రెండు వైపులా చెప్పుకునే సెట్టింగ్) తీసేసి చూడు. అప్పటికీ కదలకపోతే ఆ స్విచ్ ముందువైపున్న యూఎస్‌బీ కన్సోల్‌కి ఎవరైనా ల్యాప్‌టాప్ తగిలించి వదిలేశారేమో చూడు. చాలా సిస్కో స్విచ్‌లలో యూఎస్‌బీ తగిలితే దానిదే పెత్తనం, ఆర్‌జే-45 నుంచి కొట్టింది తీసుకోదు. ఇది తెలియక సగంరోజు కేబుళ్లు మార్చుకుంటూ కూర్చునేవాళ్లున్నారు. యూఎస్‌బీకి ఇనాక్టివిటీ టైమౌట్ పెడితే ఈ బాధ ఉండదు.

స్టార్ట్, స్టాప్ బిట్లు కలిపి అక్షరానికి పది బిట్లు, కాబట్టి 9600 అంటే సెకనుకి 960 అక్షరాలు. పెద్ద కాన్ఫిగ్ ఒకేసారి పేస్ట్ చేస్తే మధ్యలో లైన్లు మింగేస్తుంది, కొంచెం కొంచెంగా పేస్ట్ చెయ్యి. వంద ఎంబీల ఫర్మ్‌వేర్‌ని ఈ దారిలో ఎక్కించాలంటే ఒక రోజు దాటిపోతుంది. అందుకే ఒక మంచి ఇమేజ్ ముందుగానే ఆ స్విచ్ ఫ్లాష్‌లోనో, పక్కన పెన్‌డ్రైవ్‌లోనో ఉంచేసి రా.

బ్రేక్ సిగ్నల్ (చేస్తున్న పని ఆపమని సీరియల్ లైను మీద పంపే సంకేతం) పంపడం తప్పకుండా నేర్చుకో. సిస్కో రౌటర్ పాస్‌వర్డ్ పోతే, బూట్ మొదలైన మొదటి నిమిషంలో బ్రేక్ పడితేనే రోమ్‌మాన్ అనే రికవరీ మోడ్‌లోకి వెళ్తావు. దూరం నుంచి లాగిన్ అయ్యే ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్‌లో ఎంటర్ కొట్టాక టిల్డా (~), పెద్ద బీ కొడితే బ్రేక్ వెళ్తుంది. టిల్డా, చుక్క కొడితే సెషన్ తెగిపోతుంది. ఒక ఎస్‌ఎస్‌హెచ్‌లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లి ఉంటే లోపలిది తెంచడానికి టిల్డా రెండుసార్లు కొట్టాలి. ఒకసారే కొడితే బయటిది పోతుంది. మా రోజుల్లో సన్ కంపెనీ సర్వర్లకు బ్రేక్ అంటే హడల్. కన్సోల్ సర్వర్‌ని ఆపి మళ్లీ ఆన్ చేస్తే చాలు, కొన్ని మోడళ్ల నుంచి బ్రేక్ లాంటిది వెళ్లి, వెనకున్న సన్ మెషిన్లు ఉన్నపళంగా పని మానేసి ఓకే అనే బూట్ ప్రాంప్ట్‌లో ఆగిపోయేవి. అందుకే అప్పట్లో అలా చేయని పెట్టెల్ని ప్రత్యేకంగా చెప్పి అమ్మేవారు.

పోర్టు లాగింగ్ (ప్రతి పోర్టు మీద వచ్చిందంతా రాసి ఉంచడం) మొదటిరోజే ఆన్ చెయ్యి. నా దృష్టిలో ఈ పెట్టెకి పెట్టిన డబ్బంతా దీనికే. రౌటర్ క్రాష్ అయ్యే ముందు చెప్పే ఆఖరి మాటలు నెట్‌వర్క్ మీద మెసేజ్‌లు పోగుచేసే సిస్‌లాగ్‌కి చేరవు, అప్పటికే నెట్‌వర్క్ పోయి ఉంటుంది. అవి కన్సోల్ మీదకి మాత్రం వస్తాయి. వినే దిక్కుంటే దొరుకుతాయి, లేకపోతే గాల్లో కలిసిపోతాయి. రాత్రి రెండింటికి తనంతట తానే రీబూట్ అయిన స్విచ్ గురించి వెండర్‌తో వాదించాలంటే నీ చేతిలో ఉండే సాక్ష్యం అదే. టైమ్ సరిగ్గా ఉంటేనే ఆ లాగ్‌కి విలువ, కాబట్టి గడియారాన్ని సరిచేసే ఎన్‌టీపీ చూసుకో. డివైస్ వైపు డీబగ్ మెసేజ్‌లన్నీ కన్సోల్‌కి వదలకు. ఆ నెమ్మది లైను మీద వరద వస్తే రౌటరే ఉక్కిరిబిక్కిరవుతుంది.

సెక్యూరిటీ దగ్గర మొహమాటపడకు. ఈ ఒక్క పెట్టెలోకి దూరినవాడు ర్యాకులో ప్రతి పరికరం ముందూ కుర్చీ వేసుకు కూర్చున్నట్టే. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ వెంటనే మార్చు, పాస్‌వర్డ్‌ని దాచకుండా పంపే టెల్‌నెట్ ఆపెయ్యి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ అన్నన్ని కెమెరాల్నీ రౌటర్లనీ పట్టేసుకుంది మార్చని డీఫాల్ట్ పాస్‌వర్డ్‌లతోనే. డివైస్‌ల కన్సోల్ లైన్ల మీద ఎగ్జిక్ టైమౌట్ (వాడకుండా వదిలేసిన లాగిన్‌ని తెంచే గడువు) సున్నా, అంటే ఎప్పటికీ తెగకుండా, పెట్టారేమో చూడు. అలా ఉంటే నీకు ముందు పనిచేసినవాడు లాగౌట్ చేయకుండా వెళ్లిపోతే, తర్వాత వచ్చినవాడికి నేరుగా అడ్మిన్ ప్రాంప్టే దొరుకుతుంది.

అందరి లాగిన్లూ ఒకేచోట చూసే టాకాక్స్ సర్వర్‌తో లాగిన్ పెట్టండి, మంచిదే. అది అందనప్పుడు పనిచేసే లోకల్ అకౌంట్ ఒకటి ఉండాలి. దాని పాస్‌వర్డ్ మీ ఆఫీసు సింగిల్ సైనాన్ (అన్నిటికీ ఒకే లాగిన్) వెనకున్న పాస్‌వర్డ్ లాకర్‌లో మాత్రమే ఉంటే ప్రయోజనం లేదు, కవర్లో సీల్ చేసి ఇద్దరి దగ్గర ఉంచండి. పేర్లు కాదు, ఐపీ అడ్రసులు రాసి పెట్టుకో, ఆ రోజు పేర్లని అడ్రసులుగా మార్చే డీఎన్‌ఎస్ ఉంటుందో ఉండదో. పోర్టుకి డివైస్ పేరే పెట్టు, కేబుల్‌కి రెండు చివరలా లేబుల్ అంటించు.

రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్, యూఎస్‌బీ సీరియల్ కేబుళ్లు, సీరియల్ పోర్టుని నెట్‌వర్క్‌కి కలిపే సెర్‌టూనెట్ సాఫ్ట్‌వేర్‌తో చవగ్గా అయిపోతుందని మీవాళ్లెవరైనా అంటారు. ల్యాబ్‌లో నేనూ అదే వాడతాను. రీబూట్ అయ్యాక యూఎస్‌బీ నంబర్లు అటూ ఇటూ మారతాయి, ఎస్‌డీ కార్డు చెప్పకుండా పోతుంది. ఏడొందల కిలోమీటర్ల అవతల, ఎవరూ చూడని గదిలో దాన్ని నేను పెట్టను.

అన్నీ అయ్యాక, ఇంకా విశాఖలో ఉండగానే, ఆఫీసు వేళ దాటాక పర్మిషన్ తీసుకుని ఫైబర్ లింకు పీకెయ్యి. నిజంగానే పీకు, ఇంటర్‌ఫేస్ షట్ చేసి సరిపెట్టకు. లాడ్జికి వెళ్లి, ఆఫీసు వీపీఎన్ లేకుండా నీ ఫోన్ హాట్‌స్పాట్ మీద నుంచి లోపలికి రా. ప్రతి పోర్టూ తెరిచి చూడు, ఒక స్విచ్‌ని రీబూట్ చేసి బూట్ మెసేజ్‌లు మొదటి నుంచీ వస్తున్నాయో లేదో చూడు. మోడెమ్‌నీ ఒకసారి ఆపి, టన్నెల్ తనంతట తాను మళ్లీ లేస్తుందేమో చూడు. టన్నెల్ పడిపోతే నీకు మెసేజ్ వచ్చేలా మానిటరింగ్ పెట్టు. నెలకోసారి లాగిన్ అవడం ఎవరి పనో పేరు రాయించు. ఇవి కుదిరాకే తిరుగు టికెట్ బుక్ చేసుకో.

పిన్నుల పట్టిక అర్థంకాకపోతే ఫోటో తీసి పంపు, రాత్రి పదింటి దాకా మేలుకునే ఉంటాను.

ఇట్లు,
పెదనాన్న