"ఏడాదిన్నరలో డీపీటీ" అని ఎవరైనా చెబితే, ముందు ఈ ప్రశ్న అడగండి

ప్రశ్న: మా అమ్మాయికి ఎంబీబీఎస్ సీటు రాకపోవడంతో బీపీటీలో (ఫిజియోథెరపీ డిగ్రీ) చేర్చాం. ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌లో ఉంది. ఇక్కడ ఫిజియోథెరపిస్టులకు జీతాలు బాగా తక్కువంటున్నారు. అమెరికాలో ఏడాదిన్నరలో డీపీటీ (డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ) పూర్తవుతుందని, పేరు ముందు డాక్టర్ అని రాసుకోవచ్చని, వెంటనే ఉద్యోగం వస్తుందని ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. ఇంటి మీద లోన్ తీసుకుందామనుకుంటున్నాను. అక్కడ డీపీటీ మంచిదా, ఇక్కడ ఎంపీటీ (ఫిజియోథెరపీలో పీజీ) మంచిదా? చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక తండ్రి

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయండి. పైకి అడిగేది డీపీటీనా, ఎంపీటీనా అని. కానీ మీ మొదటి వాక్యంలోనే అసలు బాధ బయటపడింది. ఎంబీబీఎస్ సీటు రాలేదన్న దిగులు ఇన్నేళ్లయినా మీకు తగ్గలేదు. ఆ వెలితిని అమెరికా డిగ్రీతో పూడ్చుకోవాలని చూస్తున్నారు. అందుకే ముందు ఈ మాట చెబుతాను: మీ అమ్మాయి ఏమీ పోగొట్టుకోలేదు. అనాటమీ, ఫిజియాలజీ, బయోమెకానిక్స్, న్యూరో, ఆర్థో అన్నీ చదివి ఇప్పుడు వార్డుల్లో రోగుల మధ్య తిరుగుతోంది. ఇదే బీపీటీ చదువుతో అమెరికాలో లైసెన్సు తెచ్చుకుని పనిచేస్తున్న మనవాళ్లు ఎంతోమంది ఉన్నారు. దారి ఉంది. ఆ దారి పేరు చెప్పి మీకు అమ్ముతున్నది ఏమిటన్నదే నా భయం.

అమెరికాలో పుట్టి పెరిగిన విద్యార్థి ఫిజికల్ థెరపిస్టు (ఫిజియోథెరపిస్టును అక్కడ ఇలా అంటారు) కావాలంటే ముందు ఒక డిగ్రీ చేసి, ఆ తర్వాత సుమారు మూడేళ్ల డీపీటీ చదువుతాడు. ఒకప్పుడు అక్కడా బ్యాచిలర్స్ డిగ్రీ సరిపోయేది. తర్వాత మాస్టర్స్ అన్నారు. 1993లో క్రెయిటన్ యూనివర్సిటీ డీపీటీ కోర్సు మొదలుపెట్టింది. 2016 నుంచి గుర్తింపు ఉన్న కోర్సులన్నీ డీపీటీ డిగ్రీయే ఇవ్వాలని నియమం వచ్చింది. ఆ గుర్తింపు ఇచ్చే సంస్థ పేరు క్యాప్టీ. ఈ డీపీటీలో కనీసం 30 వారాల ఫుల్‌టైమ్ క్లినికల్ శిక్షణ ఉంటుంది. అది పూర్తి చేసినవాళ్లు నేరుగా ఎన్‌పీటీఈ అనే లైసెన్సు పరీక్ష రాస్తారు.

మీకు చెప్పిన ఏడాదిన్నర కోర్సు ఇది కాదు. దాన్ని ట్రాన్సిషనల్ డీపీటీ అంటారు. పాత బ్యాచిలర్స్‌తోనో మాస్టర్స్‌తోనో అప్పటికే థెరపిస్టులుగా పనిచేస్తున్నవాళ్లు తమ చదువును ఇప్పటి స్థాయికి తెచ్చుకోవడానికి పెట్టిన కోర్సు అది. క్యాప్టీ గుర్తింపు దానికి ఉండదు. ఆ కాలేజీ మంచిది కాదని దీని అర్థం కాదు, ఆ రకం కోర్సు క్యాప్టీ పరిధిలోకే రాదు. కాబట్టి ఆ పట్టా చేతికొచ్చినా మీ అమ్మాయిని లైసెన్సు బోర్డు విదేశంలో చదివిన థెరపిస్టుగానే చూస్తుంది. ఆమె బీపీటీ పేపర్లను మళ్లీ విప్పి, అక్కడి చదువుతో సమానమా కాదా అని లెక్కగడుతుంది. "ఈ కోర్సు అయ్యాక మా అమ్మాయి ఏ రాష్ట్రంలో, ఏ నిబంధన కింద ఎన్‌పీటీఈ రాస్తుంది?" కన్సల్టెన్సీ వాళ్లను ఈ ఒక్క ప్రశ్న అడగండి. జవాబు కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వలేకపోతే ఆ మెట్లు దిగి వచ్చేయండి.

ఈ కోర్సు ఎవరికీ పనికిరాదని అనడం లేదు. బీపీటీ సిలబస్‌ను లెక్కగట్టినప్పుడు కొన్ని సబ్జెక్టులు తక్కువ పడితే, వాటిని భర్తీ చేసే కోర్సుగా కొందరికి బాగా ఉపయోగపడుతుంది. కానీ ఏవి తక్కువ పడ్డాయో తెలిశాక చేరాల్సిన కోర్సును, ఏమీ తెలియకముందే వీసా కోసం చేరే కోర్సుగా మార్చేశారు. అలా వెళ్లిన పిల్లల పరిస్థితి ఆలోచించండి. కోర్సు అయిపోతుంది, ఓపీటీ మొదలవుతుంది, అంటే చదువయ్యాక విద్యార్థి వీసా మీదే కొంతకాలం పనిచేసుకునే అనుమతి. లైసెన్సు లేకుండా థెరపిస్టుగా పనిచేయకూడదు. ఓపీటీలో 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. దాంతో క్లినిక్‌లో ఎయిడ్‌గా చేరి, బెడ్లు తుడిచి, రోగుల్ని వీల్‌చెయిర్లో తీసుకొచ్చే పని చేస్తూ, రాత్రిళ్లు ఎన్‌పీటీఈకి చదువుతారు. ఆ పని తక్కువదని నేననను. కానీ ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పుకోలేక, అప్పు వడ్డీ తలుచుకుంటూ కుంగిపోయే పిల్లలే నన్ను ఎక్కువగా బాధపెడతారు. ఇంకోటి కూడా ఉంది. చాలా ట్రాన్సిషనల్ డీపీటీలు పూర్తిగా ఆన్‌లైన్. అలాంటివాటికి విద్యార్థి వీసా రాదు.

మరి సరైన వరస ఏమిటి? ముందు ఇక్కడి నుంచే చదువు విలువ కట్టించుకోవాలి. ఈ పని చేసే ప్రధాన సంస్థ ఎఫ్‌సీసీపీటీ. బీపీటీలో చదివిన ప్రతి సబ్జెక్టునూ, థియరీ గంటలనూ, ప్రాక్టికల్ గంటలనూ, క్లినికల్ పోస్టింగులనూ వాళ్లు అమెరికా ప్రమాణాలతో పోల్చి చూస్తారు. ఎక్కడ లోటుందో స్పష్టంగా రాస్తారు. లోటు చిన్నదైతే ఆ సబ్జెక్టులు మాత్రమే చేసుకుంటే సరిపోతుంది. ఎన్‌పీటీఈ రాయడానికి అనుమతి ఇచ్చేది రాష్ట్ర బోర్డు. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. పరీక్ష రాయడానికి మాత్రం అమెరికాకో, దాని ఆధీనంలోని దీవులకో వెళ్లాల్సిందే. 200 నుంచి 800 వరకు ఉండే స్కేలులో 600 వస్తే పాస్. ఏడాదిలో మూడుసార్లకు మించి, మొత్తం మీద ఆరుసార్లకు మించి రాయనివ్వరు. అందుకే "ఒకసారి రాసి చూద్దాం" అనే ధోరణి ఇక్కడ పనికిరాదు.

ఈ పరీక్ష విషయంలో పెద్దవాళ్లు కూడా తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. పరీక్ష రాసొచ్చినవాళ్లు గుర్తుపెట్టుకున్న ప్రశ్నలు 'రీకాల్స్' పేరుతో బయట తిరగడం బయటపడి, 2010లో ఇండియా, ఫిలిప్పీన్స్, పాకిస్తాన్, ఈజిప్టు దేశాల్లో చదివినవాళ్లందరికీ ఆ పరీక్షను కొంతకాలం ఆపేశారు. తప్పు చేయనివాళ్లు కూడా నెలల తరబడి నష్టపోయారు. రీకాల్స్ ఇస్తాం అనే కోచింగ్ గ్రూపుల్లో మీ అమ్మాయిని చేరనివ్వకండి. ఉన్న లైసెన్సు కూడా పోయే తప్పు అది.

అసలైన మూడేళ్ల డీపీటీయే చేయిస్తే ఎలా ఉంటుందని అడగొచ్చు. చేయించొచ్చు. విలువ కట్టించుకునే గొడవ ఉండదు, పరీక్షకు దారి సూటిగా ఉంటుంది. కానీ ఫిజిక్స్, కెమిస్ట్రీ, సైకాలజీ, స్టాటిస్టిక్స్ లాంటి ముందస్తు సబ్జెక్టులు కాలేజీలు అడుగుతాయి. మన బీపీటీలో అవన్నీ ఉండవు. ప్రైవేటు యూనివర్సిటీల్లో మూడేళ్ల ట్యూషన్ లక్ష డాలర్లు దాటడం మామూలే. పైగా ఆమె నాలుగేళ్లు చదివిందే చాలావరకు మళ్లీ చదవాలి. ఇంటి మీద అప్పు తెచ్చి ఈ పని చేయమని నేను ఏ తండ్రికీ చెప్పను.

"వెంటనే ఉద్యోగం" అన్నది పూర్తి అబద్ధం కాదు, సగం నిజం. లైసెన్సు ఉన్న థెరపిస్టుకు అక్కడ గిరాకీ ఉంది. అక్కడి కార్మిక శాఖ లెక్కల్లో 2024లో మధ్యస్థ జీతం ఏడాదికి లక్ష డాలర్ల పైచిలుకే. గ్రీన్‌కార్డు దరఖాస్తులో నర్సులకు లాగే ఫిజికల్ థెరపిస్టులకూ 'షెడ్యూల్ ఏ' కింద ఒక పెద్ద మెట్టు మినహాయింపు ఉంది. కానీ ఇండియాలో పుట్టినవాళ్ల క్యూ ఏళ్ల తరబడి సాగుతుంది, ఆ మినహాయింపు క్యూను తగ్గించదు. కంపెనీ ద్వారా వచ్చే ఉద్యోగ వీసా హెచ్1బీ ఉంది కదా అంటారు. 2025 సెప్టెంబరు ప్రకటనతో, బయటి దేశం నుంచి కొత్తగా తీసుకొచ్చే ఉద్యోగికి కంపెనీ లక్ష డాలర్లు కట్టాల్సిన పరిస్థితి వచ్చింది. ఈ నిబంధనలు మారుతూనే ఉంటాయి. మారే నిబంధన మీద ఇల్లు తాకట్టు పెట్టకూడదు.

ఇప్పుడు మీకు కాస్త గట్టిగా చెబుతాను, కోపం తెచ్చుకోకండి. మీ ఉత్తరంలో జీతం ఉంది, డాక్టర్ అనే పిలుపు ఉంది, లోన్ ఉంది. మీ అమ్మాయికి ఏం కావాలో ఒక్క ముక్క కూడా లేదు. ఆమెకు పిల్లలతో పనిచేయడం ఇష్టమా, ఆటగాళ్లతోనా, పక్షవాతం వచ్చినవాళ్లతోనా? మీరెప్పుడైనా అడిగారా? పేరు ముందు డాక్టర్ అని ఉండాలన్న కోరిక ఆమెదా, మీదా? నాలుగేళ్లుగా ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ "సీటు రాక ఇందులో చేర్చాం" అని ఆమె ముందే చెబుతూ వచ్చి ఉంటారు. నాకు కూడా మొదటి మాట అదే రాశారు. దయచేసి ఆ మాట ఈ రోజుతో మానేయండి.

ఆమె చేసే పని ఒక్కసారి దగ్గర నుంచి చూసి రండి. పక్షవాతం వచ్చిన పెద్దాయన్ని మంచం అంచున కూర్చోబెట్టి, పాదాలు వెనక్కి జరిపిస్తుంది. పట్టు తప్పిన మోకాలు మడత పడిపోకుండా తన మోకాలు అడ్డం పెడుతుంది. నడుము బెల్టు పట్టుకుని, ఆయన బరువు తనంతట తాను ముందుకు తెచ్చేదాకా ఆగుతుంది. తొందరపడి లాగేస్తే ఆయన నిలబడతాడు గానీ నిలబడటం నేర్చుకోడు. ఎప్పుడు పట్టుకోవాలో, ఎప్పుడు చెయ్యి వదలాలో తెలియడమే అక్కడ చదువు. అమెరికాలోనూ ఇదే పని. తేడా ఏమిటంటే ప్రతి నిమిషం లెక్క రాయాలి. అక్కడి వృద్ధుల ప్రభుత్వ బీమా మెడికేర్ పద్ధతిలో కనీసం ఎనిమిది నిమిషాలు చికిత్స చేస్తేనే ఒక యూనిట్ బిల్లు అవుతుంది. కొత్తగా వెళ్లిన మనవాళ్లలో చాలామంది మొదట వృద్ధుల నర్సింగ్ కేంద్రాల్లోనో, ఇళ్లకు వెళ్లి చేసే సర్వీసులోనో చేరతారు. స్టాఫింగ్ ఏజెన్సీ ఒప్పందాల్లో మధ్యలో మానేస్తే కట్టాల్సిన సొమ్ము ఎంతో చదవకుండా సంతకం పెట్టకూడదు.

ఎంపీటీ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. రెండేళ్లు, ఆర్థోనో న్యూరోనో స్పోర్ట్సో కార్డియోనో ఒక విభాగంలో లోతు వస్తుంది. ఇక్కడ ప్రాక్టీసు పెట్టాలన్నా, కాలేజీలో పాఠం చెప్పాలన్నా పనికొస్తుంది. అమెరికాకు వెళ్లాలనుకున్నా అడ్డం కాదు, ఆ సబ్జెక్టులు కూడా లెక్కలోకి రావొచ్చు. మొదట్లో జీతం తక్కువన్నది నిజమే. కానీ ఒక విభాగంలో చెయ్యి తిరిగిన థెరపిస్టును వెతుక్కుంటూ రోగులు వస్తారు. పెద్ద వయసువాళ్లు పెరుగుతున్న కొద్దీ ఈ పని అవసరం పెరుగుతుందే గానీ తగ్గదు. నన్నడిగితే ఇంటర్న్‌షిప్ అయ్యాక ఏడాది మంచి ఆసుపత్రిలో పనిచేయనివ్వండి. ఈలోగా ఎఫ్‌సీసీపీటీ లెక్క తేలుతుంది, ఆమెకూ తన ఇష్టం తెలిసొస్తుంది. ఆ ఏడాది వృథా అవుతుందని టెన్షన్ పడకండి. ఎన్‌పీటీఈ వచ్చే ఏడాదీ ఉంటుంది, ఆ తర్వాతి ఏడాదీ ఉంటుంది.

ఒక్క పనికి మాత్రం ఆలస్యం వద్దు. ఆమె చదివిన అన్ని సంవత్సరాల సిలబస్, సబ్జెక్టు వారీగా గంటలతో, యూనివర్సిటీ ముద్ర వేయించి తీసుకోండి. ఇంటర్న్‌షిప్‌లో ఏ విభాగంలో ఎన్ని గంటలు చేసిందో, ఎవరి పర్యవేక్షణలో చేసిందో సంతకాలతో రాయించుకోండి. కాలేజీ వదిలేసి రెండు మూడేళ్లయ్యాక వీటికోసం తిరిగితే సిలబస్ మారిపోయి ఉంటుంది, సంతకం పెట్టాల్సినవాళ్లు వెళ్లిపోయి ఉంటారు. ఆమె అక్కడ ఉండగానే వచ్చే నెలలో ఈ పని పూర్తి చేయించండి. ఇక కన్సల్టెన్సీ వాళ్లు ఫోన్ చేస్తే అమ్మాయినే మాట్లాడనివ్వండి.