చెన్నై పెరంబూరు నుంచి తిరుమలకి ఒక్కడివే నడిచే ముందు

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "బావగారూ, వీడు ఒక్కడే తిరుపతికి నడిచిపోతానంటున్నాడు, మీ మాటైతే వింటాడు, మీరే ఆపండి" అని ఒకటే గొడవ. నేను ఆపనమ్మా అని చెప్పేశా. తను ఏడ్చినంత పని చేసింది పాపం, అందుకే ఫోన్లో కాకుండా కూర్చుని రాస్తున్నా, ఒకటికి రెండుసార్లు చదువుకో, మీ అమ్మకి కూడా చదివి వినిపించు. ఉద్యోగం వస్తే నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నావు, వచ్చింది, వెళ్ళాల్సిందే. కానీ ఆరుసార్లు ఒక్కణ్ణే నడిచినవాడిగా చెప్తున్నా, ఒంటరి నడకలో కష్టం నడవడం కాదురా, ఆగడం. నలుగురితో పోతే ఎవడో ఒకడు "అరే, కుంటుతున్నావు, కూర్చో" అంటాడు. ఒక్కడివే పోతే ఆ మాట అనేవాడు ఉండడు, పైగా మొక్కు అని మనసు వెనకనుంచి తోస్తూనే ఉంటుంది. ఎక్కడ ఆగాలో బయల్దేరక ముందే, ఇంట్లో చల్లగా కూర్చుని తేల్చుకోవాలి.

ముందు నీ ప్లాన్ సంగతి. నాలుగు రోజుల్లో అయిపోద్ది అన్నావట. రెడ్‌హిల్స్, జనప్పన్‌చత్రం, పెరియపాళయం, ఊత్తుకోట, నాగలాపురం, పుత్తూరు మీదుగా దాదాపు 140 కిలోమీటర్లు, అంటే రోజుకి 35. ఒకరోజు 35 నువ్వు నడిచేస్తావు, నాకు డౌట్ లేదు, వయసులో ఉన్నావు. రెండో రోజు పొద్దున్నే లేచి మళ్ళీ 35 అన్నప్పుడు తెలుస్తుంది. రోజుకి 20 పెట్టుకో, ఏడు రోజులు, దానికి తోడు ఒక ఖాళీ రోజు, కొండెక్కడానికి ఇంకోరోజు. సెలవు అంత దొరకదంటే రెండు విడతలుగా చెయ్, తప్పేం లేదు. నేను చేసే పని ఒకటి చెప్తా, మొదటిరోజు మా ఇంటి నుంచి బయల్దేరి జనప్పన్‌చత్రం కూడలి దాకా నడిచి, బస్సెక్కి వెనక్కి ఇంటికొచ్చి పడుకుంటా. మర్నాడు పొద్దున్నే బస్సులో అదే కూడలికి పోయి అక్కణ్ణించి మొదలుపెడతా. మొదటిరోజు కాళ్ళు ఏం చెప్పాయో మన ఇంట్లో మన మంచం మీద తెలిసిపోతుంది, బూట్లు కరిస్తే మార్చుకోవచ్చు, సంచీలో అనవసరమైనవి తీసి పారెయ్యొచ్చు.

ఎప్పుడు అంటే సంక్రాంతి దాటాక, కనుమ మర్నాడు. పెరటాసిలో, అంటే సెప్టెంబరు, అక్టోబరు రోజుల్లో, ఆ రోడ్డంతా జనమే, మన చెన్నకేశవ పెరుమాళ్ కోయిల్ నుంచి స్వామికిచ్చే గొడుగులు బయల్దేరి గరుడసేవ వేళకి కొండకి చేరతాయి కదా, తోడు కావాలనుకుంటే ఆ రోజుల్లో పోవాలి. నువ్వు ఒంటరిగానే అంటున్నావు కాబట్టి ఆ వేళ వద్దు. నవంబరు, డిసెంబరు మొదట్లో అసలు వద్దు, వాన పడితే పిచ్చాటూరు డ్యామ్ గేట్లు ఎత్తుతారు, ఆరణియార్ నిండుగా వచ్చేస్తుంది, సురుటుపల్లి దగ్గర ఆ నీళ్ళు చూస్తే భయమేస్తుంది. మార్చి వచ్చిందంటే ఎండ. జనవరి సగం నుంచి ఫిబ్రవరి మొదటిదాకా పొద్దున మంచు ఉంటుంది, పదింటిదాకా హాయిగా నడవొచ్చు.

అంటే నీకు ఇంకా మూడు నెలలుంది, చాలు. వారంలో నాలుగురోజులు ఐదారు కిలోమీటర్లు, ఆదివారం పెద్ద నడక. పదితో మొదలుపెట్టి పన్నెండు, పదిహేను, పద్ధెనిమిది అని మెల్లగా పెంచు, మూడు వారాలు పెంచితే నాలుగో వారం తగ్గించు, ఎముకలకీ, కండని ఎముకకి కట్టే పట్టీలకీ కండలంత తొందరగా బలం రాదు. చివరి నెలలో శని, ఆదివారాలు వరసగా నడవాలి, శనివారం 20, ఆదివారం 15, సంచీ బరువుతోనే. షోలింగనల్లూరు నుంచి ఈసీఆర్, అదే సముద్రం ఒడ్డు రోడ్డు, ఎక్కి ముట్టుకాడు వైపు పో, గాలి బాగుంటుంది. మెట్లకి మీ ఆఫీసు మెట్లు ఉన్నాయిగా, లిఫ్ట్ మానెయ్, వారానికోసారి సెయింట్ థామస్ మౌంట్ మెట్లు నాలుగైదుసార్లు ఎక్కి దిగు. ఇంకోటి, నువ్వు పొద్దస్తమానం ఏసీలో కూర్చునేవాడివి, చివరి రెండు వారాలు పొద్దున తొమ్మిదింటి ఎండలో కాసేపు నడువు, ఒంటికి వేడి అలవాటవ్వడానికి పది పధ్నాలుగు రోజులు పడుతుంది. బయల్దేరేముందు పదిరోజులు మాత్రం బాగా తగ్గించెయ్.

ఇక పాదాలు. ఇక్కడ నేను ఎక్కువ రాస్తా, విసుక్కోకు.

2009లో నేను మూడోసారి నడిచినప్పుడు కొత్త బూట్లేసుకుని పోయా. సురుటుపల్లిలో పళ్ళికొండేశ్వరుణ్ణి చూసుకుని, అమ్మవారి ఒళ్ళో తలపెట్టి పడుకున్న శివుడు, నాకెంతో ఇష్టమైన గుడి అది, బయటికొచ్చి ఒక గంట నడిచానో లేదో ఎడమ మడమ దగ్గర మంట మొదలైంది. చిన్న మంట. ఆగి చూసుకుంటే రెండు నిమిషాల పని. నాగలాపురం పోయాక చూద్దాంలే అనుకున్నా, గోవిందా గోవిందా అనుకుంటూ నడిచేశా. నాగలాపురంలో వేదనారాయణస్వామి గుడి దగ్గర అరుగు మీద కూర్చుని సాక్స్ లాగితే రాలేదు, అంటుకుపోయింది. పక్కన టీ అంగడి ఆమె చూసి చెంబుతో నీళ్ళు తెచ్చి పోసింది, నానబెట్టి మెల్లగా లాగితే సాక్స్‌తో పాటు పాత రూపాయి బిళ్ళంత తోలు ఊడొచ్చింది. ఆమె "అయ్యో సామీ" అని మొహం పక్కకి తిప్పుకుంది. అయినా నేను ఆగలా. మర్నాడు మడమ ఆనించకుండా మునివేళ్ళ మీద కుంటుకుంటూ పిచ్చాటూరు దాకా పోయా. పుండు పదిరోజుల్లో మానింది. కానీ ఆ కుంటినడకకి కుడి మోకాలు వాచి మూడునెలలు తగ్గలేదు, డ్యూటీకి కూడా కష్టపడి పోయేవాణ్ణి. మోకాలు బొబ్బతో పోలేదురా, బొబ్బని కాపాడుకుంటూ నడిచిన నడకతో పోయింది.

అందుకని బూట్లు ఇప్పుడే కొను, సాయంత్రం పూట పోయి కొను, పాదాలు పొద్దుటికన్నా సాయంత్రానికి ఉబ్బుతాయి, రోజంతా నడిస్తే ఇంకా ఉబ్బుతాయి, ముందు బొటనవేలంత వెడల్పు ఖాళీ ఉండాలి. రెండొందల కిలోమీటర్లయినా వాటితో నడిచి ఉండాలి బయల్దేరే నాటికి. సాక్స్ కాటన్‌వి వద్దు, చెమట పీల్చుకుని తడిగానే ఉండిపోతాయి, తడి, వేడి, రాపిడి మూడూ కలిస్తేనే బొబ్బ. ఊలు కలిసినవో సింథటిక్‌వో మూడు జతలు తీసుకో, మధ్యాహ్నం జత మార్చు, తీసినవి సంచీకి పిన్ను పెట్టి ఎండకి వేలాడదియ్యి. గోళ్ళు మూడురోజుల ముందే తీసుకో, బయల్దేరే రోజు తీసుకుంటే మూలలు గుచ్చుకుంటాయి. పొద్దున్నే వేళ్ళ సందుల్లో, తొడలు ఒరుసుకునే చోట వాసెలీన్ రాసుకో. మందుల షాపులో మైక్రోపోర్ టేప్ దొరుకుతుంది, మంట అనిపించిన క్షణం, ఎక్కడున్నా సరే, లారీ పక్కనుంచి పోతున్నా సరే, రోడ్డు దిగి కూర్చుని, బూటు విప్పి, తుడిచి, ఆరనిచ్చి, టేప్ ముడతల్లేకుండా వేసుకో. బొబ్బ లేచిపోతే పైతోలు మాత్రం పీకొద్దు.

సంచీ ఐదారు కిలోలు దాటకూడదు, నీళ్ళతో కలిపి. మన దారిలో ప్రతి ఐదారు కిలోమీటర్లకీ ఊరో టీ అంగడో ఉంటుంది, టెంటూ స్టవ్వూ మోసుకుపోవడానికి ఇదేం హిమాలయం కాదు. రెండు జతల బట్టలు, పంచె ఒకటి, పల్చటి దుప్పటి, టోపీ, హెడ్‌టార్చ్, మెరిసే పట్టీలున్న జాకెట్, పవర్‌బ్యాంక్, మందులు, అంతే. నడిచేటప్పుడు ఎప్పుడూ కుడిపక్కనే నడువు, ఎదురొచ్చే బండి కనపడాలి, వెనకనుంచి వచ్చేది కనపడదు. రెడ్‌హిల్స్ దాటేదాకా కంటైనర్ లారీలు ఎక్కువ, అక్కడ చెవుల్లో పాటలు పెట్టుకోవద్దు. చేతిలో ఒక కర్ర ఉండనీ, తెల్లవారుజామున ఊరి కుక్కలు వెంటపడతాయి, కర్ర ఊరికే కనపడితే చాలు. పొద్దున నాలుగున్నరకి లేచి ఐదున్నరకల్లా రోడ్డు మీద ఉండాలి, పదకొండుకి ఏదో ఒక నీడ చూసుకుని పడిపోవాలి, మళ్ళీ మూడున్నర తర్వాతే.

తాగే విషయంలో, ఎండలో గంటకి అర లీటరు పైనే కావాలి, కానీ ఉత్త నీళ్ళే గడగడా తాగుతూ పోతే ఒంట్లో ఉప్పు పల్చబడి అదొక ప్రమాదం. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టుకో, ఒక ప్యాకెట్‌కి సరిగ్గా లీటరు నీళ్ళు, చిక్కగా కలపొద్దు. లేకపోతే లీటరుకి ఆరు టీ చెంచాలు చక్కెర, అర టీ చెంచా ఉప్పు, చెంచా తలగొట్టి. ఉప్పేసిన మజ్జిగ ఎక్కడ దొరికితే అక్కడ తాగు. తిండికి పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం పెరుగన్నం, జేబులో వేరుశెనగ చిక్కీ. బజ్జీలూ పరోటాలూ తిరుపతి చేరాక.

ఇప్పుడు అసలు సంగతి. ఒక చీటీ రాసుకుని చొక్కా జేబులో పెట్టుకో, నీ చేతిరాతతోనే రాయి. నడక తీరు మారిపోతే, అంటే కుంటినా, పాదం పక్కకి వేసినా, ఆ రోజుకి అక్కడే ఆగుతా. ఐదారు గంటలు ఒంటేలు రాకపోయినా ముదురు రంగులో వచ్చినా నీడలో కూర్చుంటా, తాగి, సరయ్యేదాకా లేవను. తల తిరిగినా, వాంతి వచ్చినట్టున్నా, మాట తడబడినా ఎవరో ఒకరిని పిలుస్తా, 108కి చేస్తా. సాయంత్రం ఐదుకి చేరాల్సిన ఊరు ఇంకా గంటన్నర దూరం ఉంటే బస్సెక్కుతా. ఇవి అక్కడ ఆలోచించేవి కాదు, అక్కడ బుర్ర పనిచెయ్యదు, ఇంకొంచెమే కదా అంటుంది, నాకూ అలాగే అంది.

బస్సెక్కితే మొక్కు పోతుందని అనుకోకు. నేను అప్పుడు పిచ్చాటూరులో బస్సెక్కి ఇంటికొచ్చేశా, మోకాలు బాగయ్యాక తర్వాతి జనవరిలో పిచ్చాటూరులోనే దిగి, అదే స్టాపు నుంచి మళ్ళీ నడిచి నారాయణవనంలో కల్యాణ వెంకన్నని చూసుకుని కొండెక్కా. స్వామి ఏడాది ఆగాడు, మడమ తోలు ఆగలేదు. తిరుపతి వెళ్ళే బస్సులు ఆ రోడ్డు పొడుగునా తిరుగుతూనే ఉంటాయి, పుత్తూరు చేరావంటే రైలు కూడా ఉంది, అరక్కోణం రేణిగుంట లైను. కాలు బెణికితే పుత్తూరు కట్టు ఉందిగా అని మీ నాన్న ధైర్యం చెప్తాడు, కట్టు తర్వాత, ముందు ఎక్స్‌రే.

ఈ ఆగడానికి అడ్డొచ్చేది ఇంకోటి ఉంది, దర్శనం టికెట్. 300 రూపాయల టికెట్ సుమారు మూడునెలల ముందే ఆన్‌లైన్‌లో పెడతారు, దానికి తేదీ ఉంటుంది, ఆ తేదీ వెనక నుంచి తరుముతుంది. నువ్వు చేరతావనుకున్న రోజుకి రెండురోజులు తర్వాతది తీసుకో, ముందే చేరితే తిరుచానూరులో అమ్మవారి దగ్గర హాయిగా గడుపు. తప్పిపోతే పోయింది, సర్వదర్శనం క్యూలో నిలబడు. నడిచి ఎక్కేవాళ్ళకిచ్చే టోకెన్ల పద్ధతి మారుతూ ఉంటుంది, బయల్దేరే ముందు రోజు కనుక్కో.

కొండకి అలిపిరి దారే పట్టు, 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు. శ్రీవారి మెట్టు 2,388 మెట్లే గానీ రెండు కిలోమీటర్లలోనే నిలువుగా ఎక్కిస్తుంది, వారం నడిచొచ్చిన మోకాళ్ళకి అది వద్దు. తెల్లారాకే మొదలుపెట్టు, 2023 ఆగస్టులో చిరుతపులి చిన్నపిల్లని పొట్టన పెట్టుకుంది ఆ దారిలోనే. అక్కడ మాత్రం ఒంటరిగా అనే పట్టు వదిలెయ్, ఏదో ఒక గుంపుతో కలిసిపో. గాలిగోపురం దాకా నిదానంగా ఎక్కు, తర్వాత దారి చాలాదూరం సులువుగా ఉంటుంది, చివర్లో మోకాళ్ళమిట్ట దగ్గర మళ్ళీ నిలువు, దానికి కొంచెం ఓపిక దాచుకో.

ఫోన్ సంగతి. పొద్దున బయల్దేరేటప్పుడు, మధ్యాహ్నం ఆగినప్పుడు మెసేజ్, రాత్రి ఏడింటికి ఫోన్. ఎనిమిది దాకా రాకపోతే నేను నువ్వు దిగాల్సిన లాడ్జికి చేస్తా, అక్కడా లేకపోతే 112. మీ అమ్మకి కాదు, నాకే చెయ్యి, తనకి నేను చెప్తా. ఏ రాత్రి ఎక్కడ ఉంటావో ముందే ఫోన్లు చేసి కనుక్కుని నాకు రాసివ్వు. నీ పేరు, బ్లడ్ గ్రూపు, నా నంబరు తమిళంలో ఒకపక్క, తెలుగులో ఒకపక్క రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి మెళ్ళో వేసుకో, ఊత్తుకోట దాటితే భాష మారిపోతుంది.

వచ్చే శనివారం సాయంత్రం పెరంబూరు రా, ఆదివారం పొద్దున ఐదింటికి ఇద్దరం కలిసి రెడ్‌హిల్స్ చెరువు దాకా నడుద్దాం. నువ్వు ముందు నడువు, నేను వెనకనుంచి నీ మడమలు చూస్తా, బూటు ఏ పక్క అరుగుతోందో అప్పుడు తెలుస్తుంది. పాత బూట్లు కూడా పట్టుకురా. పెద్దమ్మ చిక్కీ చేసి పెడతానంది.

మీ పెదనాన్న